మలాకీ తరువాతి ఖాళీ పుట: మన ప్రాంతములో బైబిలు చరిత్ర బోధనపై ఒక విమర్శ

హెబ్రీయుల మూలముల నుండి ఆదిమ క్రైస్తవ సంఘము వరకు గల చరిత్రను ఒకే పాఠముగా, ఒకే పటముగా, ఒక్కొక్కసారి ఒకే రాత్రి ప్రసంగముగా చెప్పుట తిరుపతి, చిత్తూరు ప్రాంతపు సంఘములలో వాడుక. వి.బి.ఎస్. తరగతులలోను, యౌవనస్థుల కూటములలోను గుడ్డ మీద అచ్చువేసిన పటమును గోడకు వ్రేలాడదీసి, ఆదాము నుండి యేసు వరకు కర్రతో చూపుకుంటూ పోతారు. ఈ పద్ధతిని మేము చులకన చేయుట లేదు. చదువు రాని విశ్వాసికి సైతము అబ్రాహాము ముందో దావీదు ముందో తెలిసినదంటే అది ఈ పటముల పుణ్యమే. అయితే ఆ పటము చూపుతున్నదానిని గూర్చి కాక, చూపనిదానిని గూర్చి ఈ వ్యాసములో విచారించదలచితిమి. మలాకీ పేరు దగ్గర కర్ర ఆగుతుంది. "ఇక్కడ నాలుగు వందల సంవత్సరములు దేవుడు మౌనముగా ఉండెను" అని ఒక మాట. తరువాత కర్ర మత్తయి మీదికి దూకుతుంది. మన బోధలోని అనేక చిక్కులు ఆ దూకుడులోనే పుట్టినవని మా అభిప్రాయము.

పటములో కనబడే తేదీలను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. సృష్టికి క్రీ.పూ. 4004 అని వేసే అంకె ఆర్చిబిషప్పు జేమ్స్ అషర్ 1650లో ప్రచురించిన లెక్క. 1701 నుండి ఆంగ్ల బైబిళ్ల అంచులలో ముద్రించబడుటచేత అది లేఖనముతో సమానమైన గౌరవము పొందింది. ఆ అంకె వలన మన సంఘములకు కలిగిన నష్టము స్వల్పమే. పేర్ల వలన కలిగిన నష్టము అంతకంటె పెద్దది.

హెబ్రీయులు, ఇశ్రాయేలీయులు, యూదులు

ఈ మూడు మాటలను మన ప్రసంగములలో ఒకదాని స్థానములో ఒకటి వాడుతుంటాము. లేఖనము అట్లు వాడదు. ఆదికాండము 14:13లో అబ్రాము హెబ్రీయుడు. యోసేపును అట్లు పిలిచినది పోతీఫరు భార్య. నిర్గమకాండపు మొదటి అధ్యాయములలో ఆ మాట తరచుగా ఐగుప్తీయుల నోటనో, ఐగుప్తీయుల ఎదుటనో వినబడుతుంది. ఓడలోని పరదేశులకు యోనా తనను గూర్చి చెప్పుకొన్నదీ ఆ మాటతోనే. అనగా అది ఎక్కువగా పరాయివారి ఎదుట పలికే పేరు, నిలకడైన నేల లేనివారి పేరు. 1887లో ఐగుప్తులోని అమర్నాలో బయటపడిన మట్టి పలకలలో, క్రీ.పూ. 14వ శతాబ్దపు కనాను పాలకులు "హబీరు" అను జనులను గూర్చి ఫరోకు ఫిర్యాదు చేసుకున్నారు. ఈ హబీరులూ హెబ్రీయులూ ఒకరే అని తేల్చివేయుట తొందరపాటు. హబీరు అనునది జాతి పేరు కాదు, ఊరూ భూమీ లేక తిరిగేవారి స్థితికి పేరు అని పలువురు పండితులు భావిస్తారు. అయినను ఆ కాలపు కనానులో అట్టి జనులుండిరని ఆ పలకలు చూపుతున్నవి.

ఇశ్రాయేలు అను పేరు బైబిలు వెలుపల మొదట కనబడేది క్రీ.పూ. 1208 ప్రాంతపు ఫరో మెర్నెప్తా శిలాశాసనములో. 1896లో దొరికిన ఆ రాతిపై చుట్టుపట్ల పట్టణముల పేర్లకు దేశమును సూచించే గుర్తు వేసిన లేఖకుడు, ఇశ్రాయేలుకు మాత్రము ప్రజలను సూచించే గుర్తు వేశాడు. దేశముగా స్థిరపడకముందే ప్రజగా గుర్తింపబడిన వారన్నమాట. మన పాఠములలో ఇశ్రాయేలు అనగానే సరిహద్దులు గీసిన దేశపటము చూపుతాము. ఆ లేఖకుడు మనకంటె జాగ్రత్తగా వ్రాశాడు.

ఇక యూదులు. యూదా రాజ్యపు వారికి ఆ పేరు. చెరకాలము తరువాత అది ఆ ప్రజలందరికీ పేరయింది. ఎస్తేరు 2:5లో మొర్దెకై బెన్యామీను గోత్రికుడు, అయినను యూదుడు. ఈ ఒక్క వచనము పట్టుకొని చెరకాలమంతా వివరించవచ్చును. కాని మన పటములో బబులోను చెర ఒక చిన్న సంకెళ్ల బొమ్మ మాత్రమే.

తెలుగు బైబిలు చదువరికి ఇంకొక చిక్కు కూడ ఉన్నది. పాత నిబంధనలో "షోమ్రోను" అని చదివిన పట్టణమే క్రొత్త నిబంధనలో "సమరయ". మొదటి రూపము హెబ్రీ నుండి, రెండవది గ్రీకు నుండి వచ్చినవి. ఆంగ్ల చదువరికి రెండు చోట్లా ఒకే మాట కనబడుతుంది. మనవారికి మాత్రము 2 రాజులు 17లోని షోమ్రోను పతనానికీ (క్రీ.పూ. 722), యోహాను 4లో బావి దగ్గర నిలిచిన స్త్రీకీ సంబంధమే తెలియదు. ఏడు వందల సంవత్సరముల వైరము ఆ రెండు ఉచ్చారణల నడుమ జారిపోయింది. దీనిని తప్పు అనవలసిన పనిలేదు, కాని బోధకుడు ప్రతిసారి నోరు తెరచి చెప్పవలసిన సంగతి.

నడిమి శతాబ్దములు

మలాకీ కాలము మొదలు మత్తయి వరకు నిజముగా మౌనమేనా? క్రీ.పూ. 539లో కోరెషు బబులోనును పట్టుకొన్న తరువాత యూదులందరూ తిరిగిరాలేదు. బబులోను దేశములోనే "యూదా ఊరు" అను అర్థమిచ్చే పేరుతో ఒక పల్లె ఉండినదని, అక్కడివారు పన్నులు కట్టిరి, అప్పులు పుచ్చుకొనిరి, భూములు సాగుచేసిరని 2014లో ప్రచురింపబడిన మట్టి పలకలు చెబుతున్నవి. ఐగుప్తులోని ఎలిఫంటైను దీవిలో కాపలా సైనికులుగా ఉండిన యూదులకు సొంత ఆలయమే ఉండెను. క్రీ.పూ. 410లో అది పడగొట్టబడినప్పుడు దానిని మరల కట్టుకొనుటకు సహాయము కోరుతూ వారు యెరూషలేముకూ సమరయకూ ఉత్తరములు వ్రాశారు. క్రీ.పూ. 332లో అలెగ్జాండరు వచ్చాడు. తరువాత ఐగుప్తును ఏలిన టాలమీలు, సిరియాను ఏలిన సెల్యూకీయులు. క్రీ.పూ. 3వ శతాబ్దము నుండి అలెగ్జాండ్రియలో లేఖనములు గ్రీకులోనికి వచ్చినవి. క్రొత్త నిబంధన రచయితలు ఎక్కువగా ఎత్తి చూపినది ఆ గ్రీకు అనువాదమునే.

క్రీ.పూ. 167లో అంతియొకస్ ఎపిఫనేసు యెరూషలేము ఆలయమును అపవిత్రపరచాడు. సున్నతి, విశ్రాంతిదినము మరణశిక్షకు తగిన నేరములాయెను. క్రీ.పూ. 164లో యూదా మక్కబీ ఆలయమును తిరిగి ప్రతిష్ఠించాడు. యోహాను 10:22లో చలికాలమున యేసు ఏ పండుగకు ఆలయములో నడచెనో ఆ పండుగ ఇదే. మోషే ఏర్పరచిన పండుగలలో అది లేదు. మక్కబీయుల సంగతి చెప్పని బోధకుడు ఆ వచనమును ఏమని వివరిస్తాడు? మృతుల పునరుత్థానమును గూర్చి మార్త యేసుతో అంత తడుముకోకుండా ఎట్లు చెప్పగలిగింది? ధర్మశాస్త్రము విడువనందుకు చంపబడిన వారికి దేవుడు న్యాయము తీర్చడా అను ప్రశ్న ఆ హింసల కాలములోనే తీవ్రమైంది. దానియేలు 12వ అధ్యాయమునూ, మక్కబీయుల రెండవ గ్రంథములోని ఏడుగురు సహోదరుల కథనూ పక్కపక్కన పెట్టి చదివితే మార్త మాట ఏ నేల నుండి మొలిచినదో తెలుస్తుంది. పరిసయ్యులు, సద్దూకయ్యులు రెండు వర్గములుగా చరిత్రలో కనబడేదీ ఈ కాలములోనే. మన పటములో వారు మత్తయి 3వ అధ్యాయమున ఆకాశము నుండి ఊడిపడతారు.

ఈ ఖాళీకి మన తెలుగు చరిత్రలో ఒక కారణమున్నది. 1534 నాటి లూథరు జర్మను బైబిలులోను, 1611 నాటి ఆంగ్ల బైబిలులోను అపోక్రిఫా గ్రంథములు రెండు నిబంధనల నడుమ వేరుగా ముద్రింపబడినవి. వాటిని విశ్వాసమునకు ప్రమాణముగా లూథరు ఎంచలేదు, కాని చదువుటకు మంచివన్నాడు. 1820ల నడిమిలో జరిగిన పెద్ద వివాదము తరువాత బ్రిటిషు అండ్ ఫారిన్ బైబిలు సొసైటీ వాటిని ముద్రించరాదని నిర్ణయించింది. ఆ సొసైటీ ఆదరణతో పెరిగిన తెలుగు ప్రొటెస్టంటు బైబిలు ఆ పుటలు లేకయే మన చేతికి వచ్చింది. హెర్మన్స్‌బర్గ్ మిషను 1860లలో సూళ్లూరుపేటలో పని మొదలుపెట్టి తిరుపతి, శ్రీకాళహస్తి వైపు విస్తరించింది. లూథరు బైబిలు వారసత్వముతో వచ్చిన వారి సంఘములు కూడ తెలుగులో ఆ పుటలు లేని బైబిలునే చదువుకొన్నవి. మదనపల్లెలో 1863 నుండి పనిచేసిన ఆర్కాటు మిషను వైద్యుడు జేకబ్ చాంబర్లెయిన్ తెలుగు బైబిలు సవరణ సంఘమునకు దీర్ఘకాలము అధ్యక్షుడు. మన చిత్తూరు సీమకు తెలుగు బైబిలు చరిత్రలో ఇంత భాగమున్నది. ఆ అనువాద ఘనతను చెప్పుకొనునప్పుడు దానిలో లేని పుటలను గూర్చి కూడ చెప్పుట న్యాయము.

ఇక్కడ ఒక విచిత్రము. తొలి తెలుగు క్రైస్తవ కావ్యములలో ఒకటిగా సాహిత్య చరిత్రకారులు పేర్కొనే పింగళి ఎల్లనార్యుని "తోభ్య చరిత్రము" తోబీతు గ్రంథపు కథ. అనగా మనము "మౌనము" అని దాటవేసే కాలపు కథ తెలుగు పద్యములో ఎప్పుడో పలికింది. కతోలిక తెలుగు పవిత్ర గ్రంథములో తోబీతు, మక్కబీయుల గ్రంథములు నేటికిని ఉన్నవి. మన కాపరులు వాటిని ప్రమాణముగా అంగీకరించనక్కరలేదు. చరిత్ర ఆధారములుగా చదువుటకు అడ్డమేమున్నది?

ఆలయము, సమాజమందిరము

మాటల విషయములో మన సరిహద్దు ప్రాంతమునకు ఒక అనుకూలత ఉన్నది. నగరి, పుత్తూరు వైపు కుటుంబములలో ఒకరు తెలుగు బైబిలు, మరొకరు తమిళ బైబిలు చదువుట అపురూపము కాదు. తెలుగులో "సమాజమందిరము" అన్నదానిని తమిళ బైబిలు "జెప ఆలయం" అంటుంది. తమిళ మాటలో "ఆలయం" ఉన్నందున చదువరికి బలిపీఠము, యాజకుడు తలపునకు వస్తే ఆశ్చర్యము లేదు. తెలుగు మాట గ్రీకు పదములోని "కూడిక" అను భావమును చక్కగా పట్టుకొన్నది. అయితే మనవారు కూడ పాత నిబంధనలో అరణ్యపు గుడారమునకూ సొలొమోను కట్టినదానికీ "మందిరము" అనే వాడిరి. ఇప్పుడు మన చర్చిని కూడ మందిరమనీ, దేవాలయమనీ పిలుస్తున్నాము. అందుచేత సామాన్య విశ్వాసి తలపులో గుడారము, ఆలయము, సమాజమందిరము, చర్చి నాలుగూ ఒకే కట్టడము.

అవి ఒకటి కావు. ఆలయము ఒక్కటే, యెరూషలేములో. అక్కడ బలి, యాజకుడు, సాలుకు మూడు యాత్రా పండుగలు. సమాజమందిరములు ఊరూరా. అక్కడ చదువు, వివరణ, ప్రార్థన, బలి లేదు. యెరూషలేములో 1913-14 త్రవ్వకములలో దొరికిన ఒక గ్రీకు శాసనములో థియొడొటస్ అను యాజకుడు తాను సమాజమందిరము కట్టించినట్లు చెప్పుకొన్నాడు. ధర్మశాస్త్రము చదువుటకును, ఆజ్ఞలు బోధించుటకును దానిని కట్టించెను. దూరదేశముల నుండి వచ్చే యూదులకు గదులు, నీటి వసతి కూడ ఏర్పాటు చేసెను. ఇది ఆలయము కూలకముందటి కట్టడమని ఎక్కువమంది పండితుల అభిప్రాయము. తిరుపతివారికి దీనిని వివరించుటకు ఎంతసేపు పట్టును? యాత్రాస్థలములో సత్రము అంటే ఏమిటో ఇక్కడ పసిపిల్లలకు తెలుసు. వచ్చిపోయేవారి రద్దీ, ముందుగా మార్చుకోవలసిన డబ్బు, అక్కడికక్కడ కొనవలసిన అర్పణ, దూరపు ఊళ్ల భాషలు, ఇవన్నియు మన కళ్ల ఎదుటివే. దేశదేశముల నుండి యెరూషలేముకు వచ్చినవారి పేర్లు అపొస్తలుల కార్యములు 2లో చదివి, వేరే ఊరి బోధకుడు ఆ జనసమూహమును కష్టపడి ఊహించుకోవలెను. ఇక్కడివాడు కిటికీ తెరిస్తే చాలును.

కాని ఈ సామ్యమును మన బోధకులు సాధారణముగా ఒకే పనికి వాడుతారు. యేసు రూకలు మార్చువారి బల్లలు పడద్రోసిన సంగతి చెప్పి, దానిని పొరుగువారి గుడి వైపు త్రిప్పుతారు. ఇది చరిత్రకు విరుద్ధము, పొరుగుతనానికి కూడ విరుద్ధము. ఆ ఆలయమును యేసు తన తండ్రి ఇల్లు అన్నాడు. ఆయన శిష్యులు ఆయన పునరుత్థానము తరువాత కూడ అక్కడికే ప్రార్థనకు వెళ్లిరి. పౌలు మ్రొక్కుబడి తీర్చుకొని కెంక్రేయలో తలవెండ్రుకలు కత్తిరించుకొన్నాడు (అపొ. 18:18). యెరూషలేములో మ్రొక్కుబడి ఉన్న నలుగురు తల క్షౌరము చేయించుకొనుటకైన ఖర్చు తానే పెట్టుకొని వారితో ఆలయములోనికి పోయినాడు (అపొ. 21:23-26). తలనీలాల మ్రొక్కు అంటే ఏమో తెలిసిన ఊరిలో ఈ రెండు భాగములను ప్రసంగాంశముగా తీసుకొనువారు అరుదు. ఇబ్బందిగా ఉండుటచేతనే దాటవేస్తున్నారని మా అనుమానము. దాటవేస్తే పోయేది చిన్న విషయము కాదు. తొలి క్రైస్తవులు యూదులుగానే, ఆలయమునకు పోవుచునే క్రీస్తును నమ్మిరన్న సత్యము పోతుంది.

యూదులు ఎవరు?

మలాకీ వరకు ఇశ్రాయేలీయులు మన పితరులు. వారి విజయము మనది, వారి చెర మనది. మత్తయి మొదలుకొని అదే ప్రజ "యూదులు" అను పేరుతో ప్రతిపక్షముగా నిలుస్తుంది. నడుమ నాలుగు వందల సంవత్సరములు చెప్పలేదు గనుక వినువారికి వీరు వారేనని తోచదు. మంచి శుక్రవారపు ఏడు మాటల ప్రసంగములలో "యూదులు చంపిరి" అని ఎంత తేలికగా అంటామో పాఠకులకు తెలియును. సిలువ రోమా ప్రభుత్వపు శిక్ష. పిలాతు క్రీ.శ. 26 నుండి 36 వరకు యూదయను ఏలిన రోమా అధికారి. అతని పేరు చెక్కిన రాయి 1961లో కైసరయలో దొరికింది. యేసు, మరియ, పేతురు, పౌలు అందరూ యూదులే. యోహాను సువార్తలో "యూదులు" అను మాట చాలచోట్ల యెరూషలేము అధికారులను ఉద్దేశించినదని పలువురు వ్యాఖ్యాతలు చూపియున్నారు. ఈ తేడా చెప్పకపోవుట ఐరోపాలో ఎక్కడికి దారితీసెనో మనకు తెలియనిది కాదు. 1941-45 నడుమ దాదాపు 60 లక్షల మంది యూదులు చంపబడినది శతాబ్దముల తరబడి క్రైస్తవ ప్రసంగము విన్న ఖండములో.

యూదుడు అంటే దూరపు శత్రువు అనుకొనే తెలుగు విశ్వాసి ఎరుగవలసిన సంగతి ఒకటి ఉన్నది. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెములో తెలుగు మాట్లాడే యూదుల సమాజమున్నది. మాదిగ కుటుంబములకు చెందిన వీరు ఒకప్పుడు బాప్టిస్టు సంఘములలో ఉండి, 1990ల మొదటి నుండి బెనె ఎఫ్రాయీము అను పేరున సమాజమందిరము నడుపుకొంటున్నారు. వీరిపై యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వ్రాసిన ఆంగ్ల గ్రంథము 2013లో వెలువడింది. తప్పిపోయిన గోత్రము అను వారి వాదమును చరిత్రగా నిరూపించుట కష్టము. మేము గమనించవలసినదిగా తలచినది వేరు. తరతరములుగా ఊరి వెలుపల నిలిచిన ప్రజలు మనము చదివే తెలుగు పాత నిబంధననే చదివి, ఆ చెరలో, ఆ చెదరిపోవుటలో తమ ముఖము చూచుకొన్నారు. సంకెళ్ల బొమ్మగా మనము దాటిపోయిన పుటను వారు నిలిచి చదివారు.

అపొస్తలుల కార్యముల తరువాత

రెండవ దూకుడు ఇక్కడ. పటము పౌలు ఓడతో ముగుస్తుంది, వెంటనే మన మిషనెరీ దిగుతాడు. క్రీ.శ. 70లో ఆలయము కూలినది. సద్దూకయ్యులు చరిత్రలో నుండి మాయమయిరి. పరిసయ్యుల బోధను అందుకొన్న రబ్బీలు ఒక వైపు, క్రీస్తును నమ్మినవారు మరొక వైపు, ఇద్దరూ సమాజమందిరపు పద్ధతినే తీసుకొనిపోయిరి: గ్రంథము చదువుట, వివరించుట, ప్రార్థించుట. ఆదివారము మనము చేసేదీ అదే. యూఫ్రటీసు తీరములోని డూరా యూరోపస్ పట్టణములో 3వ శతాబ్దపు గృహసంఘమూ సమాజమందిరమూ పట్టణపు పశ్చిమ గోడ వెంట కొద్ది దూరములోనే ఉండినవి. రెంటి గోడల మీదను బైబిలు కథల చిత్రములున్నవి. 256 ప్రాంతమున ముట్టడి సమయములో గోడను బలపరచుటకు పోసిన మట్టి క్రింద రెండూ పూడిపోయి నిలిచినవి.

క్రీ.శ. 112 ప్రాంతమున బితూనియ అధికారి ప్లినీ చక్రవర్తి ట్రాజనునకు వ్రాసిన ఉత్తరము చదువనిదే వేదాంత విద్యార్థి పట్టా పుచ్చుకొనరాదని మేమందుము. తెల్లవారకముందు కూడి క్రీస్తును దేవుడని కీర్తించుట, దొంగతనము, వ్యభిచారము చేయమని ప్రమాణము చేయుట, మరల కూడి మామూలు భోజనము చేయుట: తాను కనుగొన్నది ఇంతేనని ఆయన వ్రాశాడు. సంగతి రాబట్టుటకు ఆయన హింసించినది ఇద్దరు దాసీలను. సంఘములో వారికి పరిచారకులను పేరున్నదని ఆయనే చెబుతాడు. మన తెలుగు బైబిలు రోమా 16:1లో ఫీబేకు ఇచ్చిన పేరు పరిచారకురాలు. స్త్రీల సేవను గూర్చి వాదించుకొను మన సంఘములు ఈ ఇద్దరి పేర్లయినా తెలియని స్త్రీల సాక్ష్యమును లెక్కలోనికి తీసుకొన్నట్లు కనబడదు.

మన ప్రాంతపు కథ కూడ మిషను బంగళాతో మొదలు కాలేదు. 1598లో, రెండవ వేంకటపతిరాయలు చంద్రగిరిలో ఉండగా, మైలాపూరు సాంథోము నుండి యేసు సంఘపు గురువులు ఆ ఆస్థానమునకు వచ్చిరి. తరువాతి ఏండ్లలో చిత్రకారులైన సహోదరులు కూడ వచ్చి అక్కడ బొమ్మలు వేసిరి. ఆ ప్రయత్నము కొద్ది సంవత్సరములకే ఆగిపోయింది. 18వ శతాబ్దపు ఆరంభములో ఫ్రెంచి యేసు సంఘపువారు పుంగనూరులో పనిచేసిరి. ప్రొటెస్టంటు సండేస్కూలు పాఠములలో వీరి ఊసు లేదు. తిరుపతి నుండి చంద్రగిరి కోటకు పిల్లలను విహారయాత్రకు తీసుకొనిపోయి, రాజమహలు ముందు ఫోటో దిగి, ఆ ముక్క చెప్పకయే తిరిగివస్తున్నాము.

పాఠము చెప్పువారికి ఒక పనికివచ్చే పద్ధతి సూచించవచ్చును. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు చంద్రగిరి ఉత్తర ఆర్కాటులోను, మదనపల్లె కడపలోను ఉండినవి. 2022లో జిల్లాలు మరల మారినవి. ఊళ్లు కదలలేదు, ప్రజలు కదలలేదు, గీతలు కదిలినవి. ఈ సంగతి ముందు చెప్పి తరువాత యూదా, యూదయ, షోమ్రోను, సమరయ, గలిలయ అని చెబితే ఏలికలు మారినకొలది పేర్లు ఎట్లు మారునో పదవ తరగతి పిల్లవానికి కూడ అందుతుంది. ఆ తరువాత గుడ్డ పటములో మలాకీకీ మత్తయికీ నడుమ ఒక తెల్ల కాగితము అంటించి, కోరెషు, అలెగ్జాండరు, అంతియొకస్, యూదా మక్కబీ, పాంపే, హేరోదు అని ఆరు పేర్లు చేతితో వ్రాసిన చాలును. వాటి ప్రక్కన క్రీ.పూ. 539, 332, 167, 164, 63, 37 అని వేయవచ్చును. ఆ కాగితమునకు ఒక వారము సరిపోదు. ఆరు ఆదివారములు కేటాయించవలసియుండును.